తాత కట్టిన ఐదు రూపాయలు – జర్మన్ వైమానికుడు హెల్ముట్ విక్



ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మన కొండారెడ్డి బురుజును గూర్చో, సుంకేసుల ఆనకట్టను గూర్చో వ్రాద్దామనుకున్నాను. అవి అందరికీ తెలిసినవే. చివరకు ఎవరూ ఊహించని విషయం ఎన్నుకున్నాను. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడిన ఒక యుద్ధవిమాన చోదకుని కథ ఇది. కల్లూరులో కూర్చున్న రిటైర్డు ట్రెజరీ ఉద్యోగికి, జర్మనీ పైలట్‌కు ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఒక రశీదు ముక్క. ముందు దాని సంగతి చెబుతాను.

2009 అక్టోబరు 2వ తేదీన హంద్రీ, తుంగభద్ర పొంగి కర్నూలును ముంచెత్తిన సంగతి మనలో ఎవరూ మరచిపోలేదు. కల్లూరులోని మా పాత ఇంట్లోకి కూడా నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీసిన తరువాత అటక మీది ట్రంకుపెట్టె దించి, అందులోని కాగితాలు ఒక్కొక్కటే ఎండలో ఆరబెట్టాము. భూమి దస్తావేజులు, మా నాయన స్కూలు సర్టిఫికెట్టు, రెండు పాత పంచాంగాలు. వాటి మధ్య అరచేతిలో సగమంత ఉన్న ఒక రశీదు. 1940వ సంవత్సరం సెప్టెంబరు నెల. యుద్ధనిధి చందా, రూపాయలు ఐదు. కట్టినవారి పేరు చోట మా తాత పేరు.

చూడగానే మా అవ్వ మాట గుర్తుకు వచ్చింది. నా చిన్నతనంలో ఆమె చాలాసార్లు చెప్పేది. ఆ ఏడు కరణాన్ని వెంటబెట్టుకుని రెవెన్యూ ఆఫీసరొకాయన ఊర్లోకి వచ్చినాడంట. ఇంటింటికీ ఇంత అని వ్రాసుకున్నాడంట. "ఇయ్యకపోతే రేపు శిస్తు కాడ మన మాట ఎవురు ఇంటారు?" అని తాత ఒక పొట్టేలును అమ్మి ఐదు రూపాయలు కట్టినాడంట. అంతా చెప్పి చివర అవ్వ ఒకే మాట అడిగేది. "ఆ దుడ్లు ఏమాయనో ఏమో, ఎవురన్నా చెప్పినారా?"

ముప్పై అయిదేళ్ళు ట్రెజరీలో పనిచేసి, ఎందరివో బిల్లులు, వోచర్లు సరిచూసినవాణ్ణి. జమ ఉంటే ఖర్చు ఉండాలి. మా ఇంటి జమకు మాత్రం ఖర్చు వోచరు ఎక్కడా లేదు. అది వెదకాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది. జిల్లా గ్రంథాలయంలోనూ, ఇంగ్లాండులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పంపిన పుస్తకాలలోనూ తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

ముందుగా డబ్బు సంగతి. 1940 మే నెలలో ఇంగ్లాండులో విమానాల ఉత్పత్తికి ప్రత్యేకంగా ఒక మంత్రిత్వశాఖ ఏర్పడింది. పత్రికాధిపతి లార్డ్ బీవర్‌బ్రూక్ దానికి మంత్రి అయ్యాడు. ప్రజల నుంచి చందాలు రాబట్టడానికి స్పిట్‌ఫైర్ నిధులు వెలిశాయి. ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం వెల 5,000 పౌండ్లని ప్రకటించారు. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువే గాని, చందాదారులకు చెప్పిన లెక్క అది. బీదవారు కూడా ఇవ్వగలిగేటట్లు భాగాల ధరలు సైతం ప్రచారం చేశారు. విమానం రెక్కల రేకులు బిగించే రివెట్టు ఒకటి ఆరు పెన్నీలు.

అప్పటి మారకం ప్రకారం మన రూపాయికి పద్దెనిమిది పెన్నీలు. 5,000 పౌండ్లంటే 66,666 రూపాయల పైన. మా తాత ఐదు రూపాయలకు తొంభై పెన్నీలు. అంటే పదిహేను రివెట్లు. ఒక పూర్తి విమానానికి పదమూడు వేల పైచిలుకు పొట్టేళ్ళు కావాలి.

మన దేశంలోనూ చందాలు పోగుచేసి లండనుకు పంపారు. పెద్ద మొత్తాలు ఇచ్చిన ప్రాంతాల పేర్లను బ్రిటిష్ వైమానిక దళం తన స్క్వాడ్రన్లకు చేర్చింది. స్క్వాడ్రన్ అంటే ఒకే జెండా కింద పనిచేసే విమానాల పటాలం. 79, 234, 264 నంబరు స్క్వాడ్రన్లకు 'మద్రాసు ప్రెసిడెన్సీ' అని పేరు వచ్చింది. మన కర్నూలు, కడప జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే గదా! అలాగే 110, 152, 253 నంబరు స్క్వాడ్రన్లకు 'హైదరాబాదు' పేరు వచ్చింది. అది నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళాలకు గుర్తు. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. దాని నినాదం 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు'. ఇది 1918లో బ్రిటిష్ చక్రవర్తి నిజాముకు ఇచ్చిన బిరుదు.

తుంగభద్రకు ఇవతల మద్రాసు పేరు, అవతల హైదరాబాదు పేరు. ఎటు చూసినా తెలుగు రైతు కట్టిన పన్నో, చందానో అందులో ఉంది. ఆ పేర్లు మోసిన విమానాలు ఎవరితో పోరాడాయి? ఆ ఎదుటివారిలో అప్పటికి అందరికంటే పేరు మోసినవాడు హెల్ముట్ విక్.

విక్ 1915 ఆగస్టు 5న జర్మనీలోని మన్‌హైమ్ పట్టణంలో పుట్టాడు. 1935 తరువాత, హిట్లర్ బాహాటంగా పెంచుతున్న వైమానిక దళంలో చేరాడు. యుద్ధవిమానం నడపడంలో అతనికి మెళకువలు నేర్పినవాడు వెర్నర్ మోల్డర్స్. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన మోల్డర్స్ విమానాలు జంటలుగా, నాలుగు వేళ్ళు చాచినట్లు ఎడమెడంగా ఎగిరే పద్ధతిని జర్మన్లకు అలవాటు చేశాడు. ఒకడు వేటాడుతుంటే రెండవవాడు వెనుక కాపలా కాస్తాడు. ఇంగ్లీషు వారు మొదట్లో ముగ్గురు ముగ్గురుగా దగ్గరదగ్గరగా ఎగిరేవారు. తమ రెక్కలు పక్కవాడికి తగలకుండా చూసుకోవడంతోనే సరిపోయి, వెనుక నుంచి వచ్చే శత్రువు కనిపించేవాడు కాదు. ఈ లోపం తెలుసుకుని సరిదిద్దుకునే లోపల చాలామంది కుర్రవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

1939లో యుద్ధం మొదలయ్యేసరికి విక్ 'రిష్టోఫెన్' అనే పేరుగల రెండవ నంబరు యుద్ధవిమాన దళంలో ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎనభై విమానాలు కూల్చాడని ప్రసిద్ధికెక్కిన రిష్టోఫెన్ పేరు ఆ దళానికి పెట్టారు. 1939 నవంబరు 22న ఫ్రాన్సులోని నాన్సీ పట్టణం సమీపంలో విక్ తన మొదటి విమానాన్ని కూల్చాడు. అది ఫ్రెంచివారు నడుపుతున్న అమెరికా తయారీ విమానం. 1940 వేసవిలో ఫ్రాన్సు లొంగిపోయేటప్పటికి అతని ఖాతాలో 14 విమానాలు చేరాయి.

తరువాత ఇంగ్లాండు మీద గగనయుద్ధం. దాన్ని 1940 జూలై 10 నుంచి అక్టోబరు 31 వరకు అని ఇంగ్లీషువారు లెక్కగడతారు. ఇంగ్లీషు ఛానల్ దాటి దక్షిణ ఇంగ్లాండులోని రేవులు, విమానాశ్రయాలు, చివరకు లండను నగరం మీద జర్మన్లు బాంబులు వేశారు. బాంబర్లకు రక్షణగా వచ్చేవి మెసర్‌ష్మిట్ 109 విమానాలు. అవి వేగంలో స్పిట్‌ఫైరుకు దీటైనవే గాని, వాటి పెట్రోలు గంటన్నరకు మించి రాదు. లండను దాకా వస్తే అక్కడ పోరాడటానికి పది ఇరవై నిమిషాలే మిగిలేవి. తిరుగుప్రయాణంలో కింద చల్లని సముద్రం. శత్రువు కంటే పెట్రోలు ముల్లుకే భయపడేవాళ్ళమని బ్రతికి బయటపడ్డ జర్మన్ పైలట్లు తరువాత చెప్పుకున్నారు.

విక్ మాత్రం పైకి పోతూనే ఉన్నాడు. ఆగస్టు 27న 'నైట్స్ క్రాస్' పతకం. సెప్టెంబరులో ఒక గ్రూపుకు నాయకత్వం. అక్టోబరు 5న ఒక్కరోజే ఐదు విమానాలు కూల్చినట్లు నమోదు. మరునాడే పతకానికి ఓక్ ఆకుల గౌరవం. జర్మన్ సైన్యమంతటిలో దాన్ని పొందినవారిలో నాలుగవవాడు. హిట్లర్ స్వయంగా అందజేశాడు. అక్టోబరు మూడవ వారంలో రిష్టోఫెన్ దళానికంతా అధిపతి. ఇరవై అయిదేళ్ళకే మేజరు. పత్రికల నిండా అతని బొమ్మలు. మన లెక్కలో చూస్తే, అప్పుడే ప్రొబేషన్ పూర్తయిన గుమాస్తా వయసు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అతను ధైర్యవంతుడే, సందేహం లేదు. కాని ఆ ధైర్యం ఎవరికి ఉపయోగపడిందో మరువరాదు. యూరప్‌లో దాదాపు అరవై లక్షల మంది యూదులను చంపించిన ప్రభుత్వం అది. పతకాల మెరుపులో ఆ సంగతి కనబడకుండా పోకూడదు.

విక్ దళం ఫ్రాన్సు ఉత్తర తీరాన నార్మండీలో ఉండేది. అక్కడి నుంచి నేరుగా ఎదురుగా వచ్చేది ఇంగ్లాండులోని ఐల్ ఆఫ్ వైట్ దీవి, పోర్ట్‌లాండ్ నౌకాశ్రయం. ఆ పోర్ట్‌లాండుకు దగ్గరలోనే వార్మ్‌వెల్ అనే విమానాశ్రయం ఉంది. 1940 జూలై నుంచి అక్కడ కాపలా ఉన్నది ఏ స్క్వాడ్రనో తెలుసా? 152వ హైదరాబాదు స్క్వాడ్రన్. ఆగస్టు మధ్య నుంచి దానికి కొంత దూరాన మిడిల్ వాలప్‌లో ఉన్నది 234వ మద్రాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్. నాకు ఇది తెలిసిననాడు, రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ పటాలాలలో ఒక్క తెలుగువాడు లేడు. హైదరాబాదు పేరు మోసినవారు ఇంగ్లీషు కుర్రవాళ్ళు. 152లో ఎరిక్ మార్స్ అనే అతనికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. చూడటానికి మరీ చిన్నవాడిలా ఉండేవాడని 'బాయ్' అని పిలిచేవారు. ఆ గగనయుద్ధంలో బ్రతికి బయటపడి, 1941 జూలై 24న ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవు మీద ఫిరంగి దెబ్బకు చనిపోయాడు. ఇరవై ఏళ్ళు నిండి పదిహేను రోజులే అయింది. మద్రాసు పేరు మోసిన 234లో పాట్ హ్యూస్ అనే ఆస్ట్రేలియా యువకుడు అందరికంటే ఎక్కువ విమానాలు కూల్చి, 1940 సెప్టెంబరు 7న మరణించాడు. ఇక 264వ మద్రాసు స్క్వాడ్రనుకు ఇచ్చిన డిఫయంట్ విమానాల సంగతి విచారకరం. తుపాకులన్నీ పైలట్ వెనుక, తిరిగే గూటిలో ఉండేవి. ముందుకు కాల్చడానికి ఒక్కటీ లేదు. డన్‌కర్క్ దగ్గర అవి జర్మన్లను ఆశ్చర్యపరచిన మాట నిజమే. లోపం కనిపెట్టిన తరువాత ఎదురుగా వచ్చి కొట్టారు. ఆగస్టు చివరి వారంలో ఘోరమైన నష్టాలు కలిగి, పగటి యుద్ధం నుంచి వాటిని తప్పించి రాత్రి కాపలాకు మార్చారు.

253వ హైదరాబాదు స్క్వాడ్రన్ 1940 ఆగస్టు 29న లండను దక్షిణాన ఉన్న కెన్లీకి వచ్చింది. రెండు రోజులు తిరిగేసరికి, ఆగస్టు 31న దాని అధిపతి హెరాల్డ్ స్టార్ చనిపోయాడు. అతని స్థానం తీసుకున్న టామ్ గ్లీవ్ అదే రోజు మంటలలో చిక్కుకుని పారాషూట్‌తో దూకాడు. ముఖం, చేతులు, కాళ్ళు కాలిపోయాయి. డాక్టరు ఆర్చిబాల్డ్ మెకిండో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో అతనికి కొత్త ముక్కు అమర్చాడు. అలా కాలినవాళ్ళంతా 1941లో ఆ ఆసుపత్రిలోనే ఒక సంఘం పెట్టుకున్నారు. తమ మీద కొత్త వైద్యాలు ప్రయత్నించారు గనుక దానికి 'గినీ పిగ్ క్లబ్' అని నవ్వుతూ పేరు పెట్టుకున్నారు. గ్లీవ్ 1993లో మరణించేవరకు దానికి పెద్దగా వ్యవహరించాడు. సంఘాల విలువ తెలిసిన మనకు ఆ మాట అర్థమవుతుంది.

ఇక విక్ చివరి రోజు. 1940 నవంబరు 28వ తేదీ మధ్యాహ్నం. నవంబరు 6న మళ్ళీ ఒక్కరోజే ఐదు కూల్చి, మొత్తం యాభై దాటించి, తన గురువు మోల్డర్స్‌తో పోటీగా లెక్క నడుపుతున్న రోజులవి. ఆ మధ్యాహ్నం అతని దళం ఐల్ ఆఫ్ వైట్ వైపు వచ్చింది. ఎదుర్కోవడానికి 609వ స్క్వాడ్రన్, మన పేరు మోసిన 152వ స్క్వాడ్రన్ లేచాయి. విక్ ఒక స్పిట్‌ఫైర్‌ను కూల్చాడు. అది అతని యాభై ఆరవది. ఆ వెంటనే 609వ స్క్వాడ్రనుకు చెందిన జాన్ డండస్ అతని విమానాన్ని కొట్టాడు. విక్ పారాషూట్‌తో సముద్రంలోకి దూకాడు. డండస్ ఉత్సాహంతో రేడియోలో ఆ మాట చెప్పిన కొద్ది క్షణాలకే, విక్ జోడీగా వచ్చిన రుడాల్ఫ్ ఫ్లాంజ్ అతన్ని కూల్చాడు. 152 కూడా ఆనాడు ఒక యువ పైలట్‌ను పోగొట్టుకుంది.

విక్ కోసం జర్మన్లు సముద్రమంతా వెదికారు. దొరకలేదు. డండస్ కూడా దొరకలేదు. డండస్ ఆక్స్‌ఫర్డులో చదివి పత్రికా విలేఖరిగా పనిచేసినవాడు. పుట్టినది 1915 ఆగస్టు 19. విక్ పుట్టిన తరువాత సరిగా పద్నాలుగు రోజులకు. ఒకే నెలలో పుట్టిన ఇద్దరూ, ఒకే మధ్యాహ్నం, ఒకే నీళ్ళలో కలిసిపోయారు. ఒక సంవత్సరం తరువాత మోల్డర్స్ విమాన ప్రమాదంలో పోయాడు. ఫ్లాంజ్ 1942 జూలైలో పోయాడు.

విక్ యుద్ధ జీవితం మొత్తం ఒక సంవత్సరం మూడు నెలలు. 168 సార్లు యుద్ధానికి ఎగిరి 56 విమానాలు. ఆడిటరు బుద్ధితో ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇటువంటి లెక్కలను పూర్తిగా నమ్మరాదు. వేగంగా సాగే పోరులో ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు తమదిగా చెప్పుకునేవారు. 1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలను కూల్చామని ఇంగ్లీషువారు ప్రకటించారు. యుద్ధం తరువాత జర్మన్ రికార్డులతో సరిపోల్చితే అవి అరవై దాకా తేలాయి. రెండు వైపులా ఇదే వరస. సరిగా తేలే లెక్క ఒక్కటే, ఇంటికి తిరిగి రానివారిది.

ఇక మా తాత పదిహేను రివెట్ల సంగతి. అవి ఏ విమానంలో పడ్డాయో చెప్పడం ఎవరి తరం కాదు. ఆయన చందా లండను చేరేసరికి విక్ సముద్రంలో కలిసిపోయి కూడా ఉండవచ్చు. అన్నీ ఒకే ఖాతాలో కలిసిన డబ్బులు. కాని ఖర్చు పద్దు మాత్రం దొరికింది. ఎక్కడో చలి సముద్రం మీద, మన ఊరి పేరు కూడా విననివాళ్ళ మధ్య, మన పేరు పెట్టుకుని అది ఖర్చయింది.

ఇది న్యాయమైన ఖర్చేనా? ఇక్కడే నా మనసు రెండు విధాల పోతుంది.

1939 సెప్టెంబరులో మన నాయకులను ఒక్క మాట అడగకుండానే భారతదేశం యుద్ధంలో ఉందని వైస్రాయి ప్రకటించాడు. దానికి నిరసనగా అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం మద్రాసులో రాజీనామా ఇచ్చింది. 1940 అక్టోబరులో గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహం ప్రారంభించారు. బ్రిటిషువారి యుద్ధానికి ధనంతో గాని జనంతో గాని తోడ్పడటం తప్పు అన్న ఒక్క మాట బహిరంగంగా పలికి ఎందరో జైళ్ళకు వెళ్ళారు. పైన ఒకరు ఆ మాట పలికి జైలుకు పోతుంటే, కింద మా తాత పొట్టేలును అమ్మి రశీదు తెచ్చుకున్నాడు. ఆయనను తప్పుపట్టలేను. పల్లెలో ఉన్నవాడికి వైస్రాయి కంటే కరణం దగ్గర.

పైగా మన సీమకు ఇది కొత్త కాదు. 1800వ సంవత్సరంలో నిజాం తన రక్షణకు ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి ధారపోశాడు. కర్నూలు నవాబు కట్టే పేష్కషు కూడా అటే మళ్ళింది. అందుకే మనకు దత్తమండలాలని పేరు. 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అన్న పేరు సూచించేదాకా ఆ పేరే మోశాము. ఒకప్పుడు సైన్యానికి జీతంగా మన నేలే పోయింది. తరువాత విమానానికి చందాగా మన పొట్టేళ్ళు పోయాయి. రెండుసార్లూ మనల్ని అడిగినవారు లేరు.

పోనీ ఆ విమానాలు మనల్ని కాపాడాయా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు, ఎదురు లేచే యుద్ధవిమానాలు అక్కడ లేవు. ఆ నెలలోనే మద్రాసు నగరం సగం ఖాళీ అయింది. న్యాయంగా రెండవ వైపు కూడా చెప్పాలి. అదే ఏడాది 79వ మద్రాసు స్క్వాడ్రన్ మన దేశానికి వచ్చి బర్మా సరిహద్దులో పోరాడింది. 152వ హైదరాబాదు స్క్వాడ్రన్ 1943 చివరలో వచ్చింది. 1944లో ఇంఫాల్ దగ్గర జపాను సైన్యాన్ని ఆపిన పోరులో దాని పాలు ఉంది. ఆ రెండు శక్తులు గెలిచి ఉంటే లోకం ఇప్పటికంటే మంచిగా ఉండేదని ఎవరూ అనలేరు.

మనవాళ్ళు పేరుగా మాత్రమే కాక మనుషులుగా కూడా ఆకాశానికి చేరారు. హైదరాబాదులో 1923లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో చేరి, ఇంగ్లాండు వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలపై తరిఫీదు పొంది, తిరిగి వచ్చి బర్మా రంగంలో పనిచేశారు. దేశ విభజన నాడు భారతదేశంలోనే ఉండిపోయారు. 1978 నుంచి 1981 వరకు మన వైమానిక దళానికి ప్రధానాధిపతి అయ్యారు. 2018లో హైదరాబాదులో కన్నుమూశారు. చందాదారుల దేశం తన విమానాలను తానే నడుపుకునే దేశం కావడానికి మధ్య ఒక్క తరమే పట్టింది.

చివరగా ఒక చూసిన సంగతి. మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు లండనులోని వైమానిక దళ మ్యూజియంకు తీసుకువెళ్ళాడు. స్పిట్‌ఫైరును చూశాను. విక్ నడిపిన రకం మెసర్‌ష్మిట్ 109ని చూశాను. వాటికంటే నన్ను నిలబెట్టేసింది ఒక పాత రెండు రెక్కల విమానం, డి.హెచ్.9ఏ. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం 110వ స్క్వాడ్రనుకు బహూకరించినవాటిలో ఒకటి. నిజాం బహుమతి అని దాని ఒంటి మీదే వ్రాసి ఉంది. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్ళి శత్రువుల చేత చిక్కింది. జర్మన్లు దాన్ని బెర్లినులో ప్రదర్శనకు పెట్టారు. రెండవ యుద్ధంలో అది పోలెండు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైరును మారుగా ఇచ్చి ఇంగ్లీషువారు వెనక్కు తెచ్చుకున్నారు. మన డబ్బుతో కొన్న వస్తువు మూడు దేశాలు తిరిగి, నాలుగు తరాల తరువాత కూడా ఉంది. దాని మీద నవాబుగారి పేరుంది. పన్ను కట్టిన రైతు పేరు లేదు. ఉండదని తెలిసి కూడా ఒకసారి చుట్టూ తిరిగి చూశాను.

"ఏమి వెదుకుతున్నావు నాయనా?" అని మా అబ్బాయి అడిగాడు. "ఏమీలేదురా, వోచరు" అన్నాను.

అవ్వ 1974లో పోయింది. ఆమె ఉండి ఉంటే ఇప్పుడు చెప్పేవాణ్ణి. "అవ్వా, ఆ దుడ్లు ఇంగ్లాండు పోయినాయి. పదిహేను చీలలైనాయి. పాతికేళ్ళు నిండని పిల్లోళ్ళు వాటి మీద కూర్చుని ఎగిరినారు. వాళ్ళలో శానామంది ఇంటికి రాలేదు. అవతల పక్క పిల్లోళ్ళూ రాలేదు." అవ్వ ఏమనేదో నాకు తెలుసు. పొట్టేలు మాట మరచిపోయి, ఆ పిల్లల తల్లుల సంగతి అడిగేది.

సోదరులారా, మీ ఇళ్ళలో కూడా అటకల మీద ఇటువంటి కాగితాలు ఉండే ఉంటాయి. యుద్ధనిధి రశీదులు, రేషను కార్డులు, బర్మా నుంచి నడిచివచ్చిన బంధువుల ఉత్తరాలు. పాత కాగితాల వానికి వేసేముందు ఒకసారి చదవండి. మనవలు, మనవరాండ్రను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. మా తాత రశీదును నేను లామినేషన్ చేయించి, పెన్షన్ పుస్తకంతో కలిపి భద్రపరచాను. నా తరువాత మా అబ్బాయి దగ్గర ఉంటుంది.